మేతే ముసుగైన చోట: కలిసిపోతున్న గెలాక్సీల్లో కృష్ణబిలాల వేట

పెద్ద గెలాక్సీలు పుట్టుకతో పెద్దవి కావు. కోట్ల ఏళ్లుగా చిన్నవి ఒకదానిలో ఒకటి కలుస్తూ వచ్చి అంతటివయ్యాయి. అలాంటి పెద్ద గెలాక్సీల్లో దాదాపు ప్రతిదాని నడుమా ఒక భారీ కృష్ణబిలం ఉంటుంది. మన పాలపుంతలో ఉన్నది సుమారు 40 లక్షల సూర్యుల బరువుంటే, ఎం87 గెలాక్సీలో ఉన్నది 650 కోట్ల సూర్యుల బరువు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెడితే మూడోది దానంతటదే తేలుతుంది. రెండు గెలాక్సీలు కలిస్తే వాటి కృష్ణబిలాలు రెండూ ఒకే గెలాక్సీలోకి చేరాలి. కలిసే వేళ వాయువు విపరీతంగా నడిమికి జారుతుంది కాబట్టి ఆ రెండూ కడుపునిండా మేస్తూ ఉండాలి. మేసే కృష్ణబిలం చుట్టూ వెలుగు పుడుతుంది కాబట్టి ఆ వెలుగు మనకు కనబడాలి.

లెక్క ఇంత సూటిగా ఉన్నా, ఆకాశంలో అలాంటి జంటలు చాలాకాలం దొరకలేదు. ఇవాళ్టికీ గట్టి రుజువుతో నిలిచినవి కొద్దిగానే ఉన్నాయి. సిద్ధాంతం తప్పా, వెతికే తీరు తప్పా అన్న ప్రశ్నకు గత పాతికేళ్లలో వచ్చిన జవాబు చాలావరకు ఎక్స్-రే దూరదర్శినుల నుంచే వచ్చింది. ఆ జవాబు ఇది: కృష్ణబిలానికి మేత వేసే వాయువే దాని మీద ముసుగు కూడా కప్పుతోంది. అందువల్ల ఎక్కువగా మేసేవి తక్కువగా కనిపిస్తాయి. కృష్ణబిలాలు ఎలా పెరిగాయన్న కథలో అతి ముఖ్యమైన ఘట్టం సరిగ్గా మన చూపు ఆనని చోట జరుగుతోందని నా నమ్మకం. ఈ వ్యాసమంతా ఆ నమ్మకానికి ఆధారాలేమిటో చెప్పే ప్రయత్నం.

ఢీకొన్నప్పుడు ఏం జరుగుతుంది

రెండు గెలాక్సీలు ఢీకొంటే నక్షత్రాలు ఒకదానికొకటి తగలవు. వాటి మధ్య ఖాళీ అంత విస్తారం. అవి ఒకదాని పక్కనుంచి ఒకటి జారుకుంటూ, ఎదుటి గెలాక్సీ గురుత్వానికి లాగబడి పొడవాటి తోకలుగా సాగిపోతాయి. ఈ తోకలు గురుత్వం వల్లే పుడతాయని అలార్ టూమ్రె, జూరి టూమ్రె అనే అన్నదమ్ములు 1972లోనే కంప్యూటర్ లెక్కలతో చూపించారు.

వాయువు సంగతి వేరు. వాయుమేఘాలు నిజంగానే ఒకదానితో ఒకటి గుద్దుకుంటాయి. మామూలు రోజుల్లో అవి గెలాక్సీ నడిమి చుట్టూ తిరుగుతూనే ఉంటాయి, ఆ తిరుగుడే వాటిని లోపలికి పడనివ్వదు. ఢీకొన్నప్పుడు చెదిరిన నక్షత్రాల గుంపు వాయువును వెనక్కి లాగి దాని తిరుగుడు వేగాన్ని దోచుకుంటుంది. తిరుగుడు పోయిన వాయువుకు నడిమికి జారడం తప్ప గత్యంతరం లేదు. వేల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న వాయువు కొన్ని వందల కాంతి సంవత్సరాల ఇరుకులోకి వచ్చి కుక్కుకుంటుంది. అక్కడ కొంత కొత్త నక్షత్రాలుగా మారుతుంది, కొంత కృష్ణబిలానికి అందుతుంది, మిగతాది ధూళితో కలిసి ఆ ఇరుకంతా దట్టంగా నిండిపోతుంది.

1983లో ఐరాస్ ఉపగ్రహం ఆకాశాన్ని పరారుణ కాంతిలో జల్లెడ పట్టినప్పుడు, లక్ష కోట్ల సూర్యులకు మించిన వెలుగును దాదాపు పూర్తిగా పరారుణంలోనే వెదజల్లే గెలాక్సీలు బయటపడ్డాయి. దగ్గరగా చూస్తే వాటిలో అత్యధికం కలిసిపోతున్న గెలాక్సీలే. ధూళి లోపలి కాంతిని మింగి, వేడెక్కి, ఆ వేడినే పరారుణంగా వదులుతోంది. 1988లో డేవిడ్ శాండర్స్ బృందం దీన్నొక క్రమంగా చూపింది: ముందు ఢీ, తర్వాత ధూళిలో మునిగిన దశ, ఆ తర్వాత ముసుగు చెదిరి కళ్లు చెదిరే క్వేజార్, అంటే మేసే కృష్ణబిలం వెలుగు గెలాక్సీనే మించిపోయే దశ. ఆ క్రమం నిజమైతే, మధ్యదశలో కృష్ణబిలాన్ని చూడటం చాలా కష్టం. చూడకుండా కథ పూర్తి కాదు.

మిగతా కాంతులు ఎందుకు చాలవు

కంటికి కనిపించే కాంతి ధూళి ముందు నిలవదు. దట్టంగా మూసుకున్న కేంద్రాల్లో ఉండేంత వాయువుకు, మన గెలాక్సీలోలాగా ధూళి కలిసి ఉంటే, కాంతి బయటికి రాకముందే వందల మాగ్నిట్యూడ్ల మేర తరిగిపోతుంది (ఐదు మాగ్నిట్యూడ్లంటే వెలుగు వందో వంతుకు పడిపోవడం). అంటే ఒక్క ఫోటాన్ కూడా సూటిగా దాటి రాదని చెప్పుకోవచ్చు. మామూలు గెలాక్సీల్లో ఇంకో దారి ఉంది. కృష్ణబిలం చుట్టూ ధూళి గారెలా ఒక వలయంగానే ఉంటే, పైకీ కిందికీ తప్పించుకున్న కాంతి దూరంగా ఉన్న వాయువును వెలిగిస్తుంది, ఆక్సిజన్, నియాన్ లాంటి మూలకాల రేఖలు వర్ణపటంలో కనబడతాయి. కలయిక చివరి దశలో ధూళి అన్ని వైపులా మూసేస్తుంది. ఆ సాక్ష్యమూ పోతుంది.

పరారుణం ధూళిని దాటగలదు, కానీ అక్కడ వేరే చిక్కు. ధూళి వేడెక్కిందని అది చెబుతుంది, ఎవరు వేడిచేశారో సూటిగా చెప్పదు. ఉధృతంగా పుడుతున్న నక్షత్రాలూ ధూళిని వేడిచేస్తాయి. రేడియో తరంగాలకు ధూళి అడ్డే కాదు, అయితే బలమైన రేడియో ధారలు చిమ్మే కృష్ణబిలాలు కొన్నే.

ఎక్స్-రేలకున్న సుగుణం రెండు వైపులా ఉంది. ఒకటి పుట్టుక. కృష్ణబిలంలోకి సుడి తిరుగుతూ దిగే వాయువు పళ్లెంలా పరుచుకుని అతినీలలోహిత కాంతిని వదులుతుంది. ఆ పళ్లేనికి దగ్గర్లో దాదాపు వంద కోట్ల డిగ్రీల వేడిలో ఉండే పల్చటి ఎలక్ట్రాన్ల మబ్బు ఒకటి ఉంటుంది, దాన్ని కరోనా అంటారు. అతినీలలోహిత ఫోటాన్లు ఆ ఎలక్ట్రాన్లకు తగిలి శక్తి పుంజుకుని ఎక్స్-రేలుగా బయటికొస్తాయి. అంత చిన్న చోటు నుంచి అన్ని ఎక్స్-రేలు నక్షత్రాల వల్ల రావడం కష్టం. కొత్త నక్షత్రాలు విరివిగా పుట్టే గెలాక్సీల్లో కూడా మామూలు నక్షత్రంతో జతకట్టిన న్యూట్రాన్ తారలు, చిన్న కృష్ణబిలాలు ఎక్స్-రేలు వదులుతాయి. అయినా సూర్యుని మొత్తం వెలుగుకు సుమారు 25 కోట్ల రెట్లు మించిన ఎక్స్-రే కాంతి ఒకే బిందువు నుంచి వస్తుంటే, అది భారీ కృష్ణబిలమేనని ఖగోళ శాస్త్రంలో వాడుకలో ఉన్న గీటురాయి.

రెండోది చొచ్చుకుపోయే గుణం. ఆస్పత్రిలో ఎక్స్-రే తీసినప్పుడు కండను దాటిన కిరణాలే ఎముక దగ్గర ఆగిపోతాయి. ఎముకలోని కాల్షియం వాటిని ఎక్కువగా మింగుతుంది. అంతరిక్షంలోని వాయువులోనూ జరిగేది అదే భౌతికశాస్త్రం. అక్కడ మింగే పని ఆక్సిజన్, ఇనుము లాంటి బరువైన మూలకాలది. కిరణం శక్తి పెరిగేకొద్దీ ఈ మింగుడు వేగంగా తగ్గుతుంది. శక్తి రెండింతలైతే మింగుడు దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే మెత్తని ఎక్స్-రేలు ఆగిపోయే చోటును కఠిన ఎక్స్-రేలు దాటేస్తాయి. కిరణం శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు, వెయ్యి అయితే కిలో. మెత్తనివంటే ఒకటి రెండు కిలో ఎలక్ట్రాన్ వోల్టులవి, కఠినమంటే పదికి మించినవి. కంటికి కనిపించే కాంతి రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టులేనని గుర్తుంచుకుంటే ఈ తేడా అర్థమవుతుంది.

ముసుగు ఎంత మందం

ముసుగు మందాన్ని కొలిచే పద్ధతి తేలికైనదే. మన కంటి నుంచి కృష్ణబిలం దాకా ఒక చదరపు సెంటీమీటరు వెడల్పు గొట్టం ఉందనుకుని, అందులో ఎన్ని హైడ్రోజన్ పరమాణువులు పడతాయో లెక్కిస్తారు. ఆ లెక్క 1 పక్కన 22 సున్నాల దాకా వెళితే మెత్తని ఎక్స్-రేలు చాలావరకు పోతాయి. 1 పక్కన 24 సున్నాలు దాటి, దానికి ఒకటిన్నర రెట్లయితే పది కిలో ఎలక్ట్రాన్ వోల్టుల లోపు కిరణాలేవీ సూటిగా రావు. అక్కడి నుంచి మింగుడు ఒక్కటే కాదు, ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరిపోవడం కూడా మొదలవుతుంది. ఈ హద్దు దాటిన వాటిని కాంప్టన్-థిక్ అంటారు.

ఈ అంకె వింటే ఏదో మహాకుడ్యం అనిపిస్తుంది. బరువులోకి మార్చి చూడండి. చదరపు సెంటీమీటరుకు రెండున్నర గ్రాముల హైడ్రోజన్, అంతే. మన తలపైన ఉన్న గాలి చదరపు సెంటీమీటరుకు కిలోకు పైనే ఉంటుంది. అంటే భూమి వాతావరణం ఆ ముసుగుకు కొన్ని వందల రెట్లు మందం. ఎక్స్-రే దూరదర్శినులను కొండ మీద కట్టకుండా అంతరిక్షంలోకి పంపడానికి కారణం ఇదే. ఇంకో సంగతీ ఇందులో ఉంది: కృష్ణబిలాన్ని పూర్తిగా దాచడానికి పెద్ద మేఘమేమీ అక్కర్లేదు, నడిమికి జారిన వాయువులో కొద్ది భాగం చాలు. ఢీకొన్న గెలాక్సీ నడుమ అంతకంటే ఎంతో ఎక్కువే ఉంటుంది.

మరి అంతలా దాగినదాన్ని ఎలా పట్టుకుంటారు? రెండు ఆనవాళ్లున్నాయి. మొదటిది ఇనుము. కృష్ణబిలం నుంచి వచ్చిన ఎక్స్-రే చుట్టూ ఉన్న చల్లని వాయువులోని ఇనుప పరమాణువుకు తగిలి, దాని లోపలి పొరలోని ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. పై పొరలోని ఎలక్ట్రాన్ ఆ ఖాళీలోకి దిగుతూ సరిగ్గా 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్-రేను వదులుతుంది. ముసుగు లేని కృష్ణబిలంలో ఈ రేఖ మిగతా వెలుగు ముందు వెలవెలపోతుంది. ముసుగు దట్టమైనప్పుడు సూటిగా వచ్చే వెలుగు ఆగిపోయి, చుట్టుపక్కల వాయువు నుంచి తిరిగి వచ్చే ఈ రేఖ ఒంటరిగా, ఎత్తుగా నిలబడుతుంది. అంటే దాచడానికి వాడిన పదార్థమే సాక్ష్యం చెబుతోంది. ఈ ఒక్క విషయం కోసమైనా ఎక్స్-రే వర్ణపటాలను ఇష్టపడాలి.

రెండో ఆనవాలు 20 నుంచి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వర్ణపటంలో కనిపించే మూపురం. తక్కువ శక్తి కిరణాలను వాయువు మింగుతుంది, బాగా ఎక్కువ శక్తివి ఎలక్ట్రాన్లకు తగిలి శక్తి కోల్పోతాయి, మధ్యలో ఉన్నవి పోగుపడి బయటికొస్తాయి. ఈ మూపురం కొత్త ఊహ కాదు. 1962లో రికార్డో జియాకోని బృందం రాకెట్ ప్రయోగంలో ఆకాశమంతా మసక మసకగా ఎక్స్-రేల్లో మెరుస్తోందని కనిపెట్టింది. ఆ మెరుపు అత్యధికంగా ఉండేది దాదాపు 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే. కనబడే కృష్ణబిలాలనన్నింటినీ కూడినా ఆ మెరుపు ఆకారం రాదు. దట్టంగా ముసుగేసుకున్నవి బోలెడన్ని ఉంటే తప్ప లెక్క సరిపోదు. అంటే అవి ఉన్నాయని ఆకాశం చాలాకాలంగా చెబుతూనే ఉంది. ఎక్కడున్నాయన్నదే ప్రశ్న.

ఎన్‌జీసీ 6240 చెప్పిన కథ

సర్పధారి నక్షత్రమండలంలో, 35 కోట్ల కాంతి సంవత్సరాలకు అటూ ఇటూగా, ఎన్‌జీసీ 6240 అనే గజిబిజి గెలాక్సీ ఉంది. తోకలు, చారలు, ధూళి పట్టీలు అన్నీ కలగలిసి ఉంటుంది. రెండు గెలాక్సీలు కలిసే క్రమం చివర్లో ఉన్న దశ అది. దాని నడుమ రెండు మెరిసే ముద్దలున్నాయని మామూలు దూరదర్శినులు చూపాయి, పాత రెండు గెలాక్సీల కేంద్రాలవి. 1990ల చివర్లో ఇటలీ, నెదర్లాండ్స్ కలిసి పంపిన బెప్పోశాక్స్ ఉపగ్రహం అక్కడి నుంచి కఠిన ఎక్స్-రేలు వస్తున్నాయని, దట్టమైన ముసుగు వెనక భారీ కృష్ణబిలం మేస్తోందని తేల్చింది. కానీ దాని చూపుకు ఆ రెండు ముద్దలూ ఒక్కటే మసక మచ్చ. మేస్తున్నది ఏ ముద్దలో అన్నది తెలియలేదు.

1999 జులైలో చంద్ర ఎక్స్-రే దూరదర్శిని కక్ష్యలోకి వెళ్లింది. తెల్ల మరుగుజ్జు తారల బరువుకు హద్దు ఉందని లెక్కగట్టిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు దానికి పెట్టారు. ఒక డిగ్రీని 3600 భాగాలు చేస్తే ఒక భాగం ఆర్క్ సెకన్. చంద్ర అర ఆర్క్ సెకన్ ఎడంలో ఉన్న చుక్కలను విడదీయగలదు. ఎన్‌జీసీ 6240లోని రెండు ముద్దల మధ్య ఎడం రెండు ఆర్క్ సెకన్ల లోపే, అది చంద్రకు సరిపోయింది.

స్టెఫనీ కొమోసా నేతృత్వంలోని బృందం సుమారు పది గంటలు దాన్ని చూసింది. ఏ ముద్ద అన్న ప్రశ్నకు జవాబు కోసం వెళ్తే రెండూ అన్న జవాబు వచ్చింది. రెండు కేంద్రాలూ కఠిన ఎక్స్-రేల్లో వెలుగుతున్నాయి, రెండింటి వర్ణపటంలోనూ 6.4 దగ్గర ఇనుప రేఖ నిలబడి ఉంది. సుమారు 3000 కాంతి సంవత్సరాల ఎడంలో, ఒకే గెలాక్సీలో, రెండు భారీ కృష్ణబిలాలు ఒకేసారి మేస్తున్నాయి. 2002 చివర్లో ఈ ఫలితం ప్రకటించినప్పుడు, ఒకే గెలాక్సీలో అలాంటి జంటకు అంత తిరుగులేని సాక్ష్యం అదే మొదటిది. తర్వాత నూస్టార్ దూరదర్శిని కఠిన ఎక్స్-రేల్లో చూసి, రెండూ కాంప్టన్-థిక్ ముసుగుల వెనకే ఉన్నాయని బలపరిచింది.

ఇక్కడ గమనించాల్సింది పనుల వంతు. ముసుగును చీల్చుకుని కృష్ణబిలం ఉందని చెప్పింది బెప్పోశాక్స్. ఒకటి కాదు, రెండు అని విడదీసింది చంద్ర. ముసుగు మందం ఖాయం చేసింది నూస్టార్. ఒక్కటి కూడా ఒంటరిగా ఈ కథ చెప్పలేకపోయేది.

పదునూ లోచూపూ ఒకే చోట ఉండవు

ఇది యాదృచ్ఛికం కాదు, అద్దాల స్వభావం నుంచి వచ్చిన ఇబ్బంది. ఎక్స్-రే అద్దానికి ఎదురుగా తగిలితే వెనక్కి తిరగదు, లోపలికి చొచ్చుకుపోతుంది. అద్దాన్ని దాదాపు రాసుకుంటూ పోయేంత వాలుగా తగిలితేనే మళ్లుతుంది. అందుకే ఎక్స్-రే అద్దాలు పళ్లేల్లా ఉండవు, ఒకదానిలో ఒకటి ఇమిడిన పీపాల్లా ఉంటాయి. శక్తి పెరిగేకొద్దీ ఆ వాలు ఇంకా తగ్గాలి, అప్పుడు ఒక్కో పీపా పట్టే కాంతి చాలా కొద్దిగా ఉంటుంది.

చంద్రలో మందపాటి గాజుతో చేసి, అతి నునుపుగా సానబట్టి, ఇరీడియం పూసిన నాలుగు జతల అద్దాలున్నాయి. మందంగా ఉన్నందున ఆకారం చెదరదు, బొమ్మ పదునుగా వస్తుంది. కానీ పది కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరకొచ్చేసరికి దాని శక్తి అయిపోతుంది. 2012 జూన్‌లో వెళ్లిన నూస్టార్ 79 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా చూస్తుంది. అంతటి కిరణాలను తగినన్ని పట్టడానికి దాని ఒక్కో అద్దాల కట్టలో పలుచని గాజు రేకులతో చేసిన 133 పొరలు పేర్చారు. అంత పలుచని రేకుల ఆకారం చంద్ర అద్దాలంత కచ్చితంగా నిలవదు. ఫలితంగా నూస్టార్‌లో ఒక చుక్క 18 ఆర్క్ సెకన్ల మచ్చగా పరుచుకుంటుంది. ఎన్‌జీసీ 6240లోని జంట ఎడానికి అది పది రెట్లు.

కేంద్రాలు కాస్త ఎడంగా ఉన్న దగ్గరి గెలాక్సీల్లో మాత్రం నూస్టార్ ఒక్కటే తేల్చగలదు. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఆర్ప్ 299 అలాంటిది. అక్కడ కలుస్తున్న రెండు గెలాక్సీల్లో కఠిన ఎక్స్-రేలు ఒకదాని నుంచే వస్తున్నాయని 2015లో తేలింది. రెండోదానిలో కృష్ణబిలం నిద్రపోతూ ఉండవచ్చు, లేదా ఇంకా లోతుగా కప్పబడి ఉండవచ్చు. కనబడలేదు అంటే లేదు అని కాదు. ఈ రంగంలో ఏ అంకె చదివినా ఈ మాట మనసులో ఉంచుకోవాలి.

అంకెలు ఏమంటున్నాయి

గెలాక్సీల కలయికే కృష్ణబిలాలను మేపుతుందా అన్న విషయం మీద చాలా వాదన జరిగింది. 2011లో మౌరిసియో సిస్టెర్నాస్ బృందం హబుల్ చిత్రాల్లో ఎక్స్-రే వెలుగున్న గెలాక్సీలను పరిశీలించి, వాటిలో 85 శాతానికి పైగా ఢీకొన్న ఛాయలేవీ బలంగా లేవని చెప్పింది. మేత లేని మామూలు గెలాక్సీలతో పోల్చినా తేడా దొరకలేదు. కలయిక సిద్ధాంతానికి అది గట్టి దెబ్బగా చాలామంది చదువుకున్నారు.

ఆ పని నిజాయితీ గలది, లెక్కలో తప్పు లేదు. కానీ ఆ జాబితాలోకి ఎవరు వచ్చారో చూడాలి. పది కిలో ఎలక్ట్రాన్ వోల్టుల లోపు ఎక్స్-రేల్లో ఎంచినవే అవన్నీ. దట్టమైన ముసుగున్నవి ఆ వలలో పడేదే అరుదు. దాగినవాటిని వదిలేసిన జాబితాతో, దాచే దశ ముఖ్యమా కాదా అని తేల్చలేం.

ముసుగును దాటే కఠిన ఎక్స్-రేలతో ఎంచితే చిత్రం మారింది. 2017లో క్లాడియో రిచ్చి బృందం పరారుణంలో బాగా వెలిగే 30 గెలాక్సీలను నూస్టార్ సాయంతో చూసింది. కలయిక చివరి దశల్లో ఉన్నవాటిలో మేసే కృష్ణబిలాల్లో దాదాపు 65 శాతం కాంప్టన్-థిక్ అని తేలింది. మన చుట్టుపక్కల విశ్వంలో కఠిన ఎక్స్-రేలతో ఎంచిన మామూలు వాటిలో ఆ వంతు 27 శాతం దగ్గర ఉంటుంది. నమూనా చిన్నదే, పొరపాటు హద్దులు పది శాతానికి పైనే. అయినా ఇంత తేడాను ఆ హద్దులు మింగేయలేవు.

మరుసటి ఏడాది మైకేల్ కాస్ బృందం ఇంకో వైపు నుంచి వచ్చింది. 2004లో వెళ్లిన స్విఫ్ట్ ఉపగ్రహంలోని బ్యాట్ పరికరానికి అద్దాలే లేవు, చూపు చాలా మసక, కానీ 14 నుంచి 195 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఆకాశమంతటినీ కాపలా కాస్తుంది. అది పట్టుకున్న గెలాక్సీలను కెక్ దూరదర్శినితో సమీప పరారుణంలో, గాలి కదలికల మసకను సరిదిద్దే పద్ధతితో, పదునుగా చూశారు. హబుల్ పాత చిత్రాలనూ జోడించారు. బాగా వెలిగే, ముసుగున్న కృష్ణబిలాల్లో 17.6 శాతం గెలాక్సీల నడుమ పదివేల కాంతి సంవత్సరాల లోపు ఎడంలో రెండో కేంద్రం కనబడింది. మేత లేని గెలాక్సీల్లో ఆ లెక్క 1.1 శాతమే. వాటిలో చాలా కలయికలు మామూలు చిత్రాల్లో ఒక గెలాక్సీలాగే కనబడ్డాయి. అంటే కృష్ణబిలమే కాదు, కలయిక కూడా దాగి ఉంది.

ఈ రెండు పనుల తర్వాత నా అభిప్రాయం ఇది. మేసే కృష్ణబిలాలన్నిటినీ కలయికలే మేపుతున్నాయని చెప్పలేం. చిన్నవి, మందకొడిగా మేసేవి ఏ ఢీ లేకుండానే తమ గెలాక్సీలోని వాయువుతో గడుపుకోగలవు. కానీ ఉధృతంగా, ముసుగు వెనక మేసేవాటి సంగతి వచ్చేసరికి కలయిక పాత్రను కాదనడం కష్టం. పాత వాదన చాలావరకు ఏ జాబితాను చూశామన్న దాని మీదే నడిచింది.

వేట ఎలా సాగుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఆకాశాన్ని విస్తారంగా చిత్రించిన స్లోన్ సర్వే చిత్రాల్లో ఎస్‌డీఎస్‌ఎస్ జె0849+1114 అనే గెలాక్సీ కలయికలా ఉందని గెలాక్సీ జూ కార్యక్రమంలో పాల్గొన్న సామాన్య వలంటీర్లు గుర్తించారు. వైజ్ ఉపగ్రహం దాని పరారుణ రంగును బట్టి లోపల చాలా వేడి ధూళి ఉందని చెప్పింది. నక్షత్రాలు వేడిచేసిన ధూళికంటే కృష్ణబిలానికి ఆనుకున్న ధూళి ఎక్కువ వేడిగా ఉంటుంది. చంద్ర చూస్తే మూడు ఎక్స్-రే చుక్కలు, మూడు కేంద్రాల మీదే. పెద్ద బైనాక్యులర్ దూరదర్శిని వర్ణపటాలు తీసింది, నూస్టార్ ముసుగును నిర్ధారించింది. సుమారు వంద కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో మూడు గెలాక్సీలు, మూడు మేసే కృష్ణబిలాలు కలుస్తున్నాయని 2019లో ప్రకటించారు. ఇలాంటి చోట్ల బలహీనమైన చుక్క నుంచి చంద్రకు చేరే ఫోటాన్లు ఒక్కోసారి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. చంద్ర వెనక నేపథ్యం అంత నిశ్శబ్దంగా ఉండబట్టే ఆ కొద్ది ఫోటాన్లకూ విలువ.

ఇంకా దగ్గరవుతున్న జంటలు

జంటలు దగ్గరయ్యేకొద్దీ కథ కష్టమవుతుంది. యూజీసీ 4211లో 750 కాంతి సంవత్సరాల ఎడంలో ఉన్న రెంటిని 2023లో అల్మా రేడియో దూరదర్శిని ప్రధాన సాయంతో గుర్తించారు. 2024లో ఎంసీజీ-03-34-64 అనే గెలాక్సీలో హబుల్ చూపిన మెరిసే చుక్కల్లో రెండు చంద్ర ఎక్స్-రే చూపులోనూ కనబడ్డాయి. వాటి ఎడం సుమారు 300 కాంతి సంవత్సరాలు. చంద్ర పదునుకు అది చివరి అంచు. కొన్ని కాంతి సంవత్సరాల లోపు ఎడమైతే ఇప్పుడున్న ఏ ఎక్స్-రే దూరదర్శినీ విడదీయలేదు.

అక్కడి నుంచి వేరే సాక్షులు కావాలి. 2023 జూన్‌లో అమెరికా, ఐరోపా, భారత్, ఆస్ట్రేలియా, చైనా పరిశోధకులు గడియారంలా క్రమంగా రేడియో మెరుపులు పంపే మృత తారలైన పల్సార్ల టిక్ టిక్‌లను ఏళ్ల తరబడి కొలిచి, అతి నెమ్మదైన గురుత్వ తరంగాల (స్థలకాలంలో సాగే అలల) హోరుకు ఆధారాలున్నాయని ప్రకటించారు. చుట్టుకుంటున్న భారీ కృష్ణబిలాల జంటలే దానికి మూలమని అత్యధికుల అంచనా. ఆ హోరు ఎంత గట్టిగా ఉండాలో చెప్పాలంటే ముందు జంటలు ఎన్నో తెలియాలి. ముసుగు వెనక ఉన్నవాటిని లెక్కలోంచి వదిలేస్తే ఆ అంచనా తప్పుతుంది. 2024 జనవరిలో ఐరోపా అంతరిక్ష సంస్థ ఆమోదించిన, గురుత్వ తరంగాలను పట్టే లీసా ఉపగ్రహాలు 2035 ప్రాంతంలో వెళ్లాక, పదుల లక్షల సూర్యుల బరువుండే జంటలు కలిసిపోయే క్షణాన్నే వినాలని చూస్తున్నాయి. ఆ క్షణానికి ముందు కథ చెప్పాల్సింది ఎక్స్-రేలే.

దూరపు విశ్వం విషయంలో మాత్రం ప్రకృతి ఒక మేలు చేస్తుంది. విశ్వం వ్యాకోచించడం వల్ల దూరం నుంచి వచ్చే కాంతి శక్తి తరిగి మనకు చేరుతుంది. ఈ తరుగుకు కొలత రెడ్ షిఫ్ట్, అది 2 అయితే శక్తి మూడో వంతుకు పడిపోతుంది. రెడ్ షిఫ్ట్ 2 దగ్గరున్న గెలాక్సీ నుంచి 24 కిలో ఎలక్ట్రాన్ వోల్టులతో బయల్దేరిన కిరణం మన దగ్గరకొచ్చేసరికి 8 అవుతుంది, చంద్ర పరిధిలోకి వస్తుంది. అంటే ముసుగును చీల్చే కఠిన చూపు అక్కడ చంద్రకు అప్పనంగా దొరుకుతుంది. కానీ అంత దూరంలో అర ఆర్క్ సెకన్ అంటే పదమూడు వేల కాంతి సంవత్సరాలకు పైనే, పైగా కాంతి చాలా మసక. ఎన్‌జీసీ 6240ని తీసుకెళ్లి అక్కడ పెడితే చంద్రకు ఒక్క చుక్కగానే కనబడుతుంది. గెలాక్సీలు అత్యధికంగా కలిసిన కాలమూ, కృష్ణబిలాలు అత్యధికంగా మేసిన కాలమూ సరిగ్గా అదే.

చంద్ర వెళ్లి పాతికేళ్లు దాటింది. దాని పదునును అందుకునే ఎక్స్-రే దూరదర్శిని ఈ పాతికేళ్లలో మరొకటి రాలేదు. 2024లో నాసా తుది పరిశీలనకు ఎంచిన రెండు ప్రతిపాదనల్లో ఒకటైన ఆక్సిస్ ఎక్స్-రే దూరదర్శిని, చంద్ర కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాంతిని, చాలా పెద్ద ఆకాశ భాగమంతటా పదును చెడకుండా పట్టాలన్న ఆలోచన. ఐరోపా తలపెట్టిన న్యూఅథీనా ఎక్స్-రే దూరదర్శిని వర్ణపటాలను ఇంకా సూక్ష్మంగా తీయాలని చూస్తోంది. ఈ రెండూ పది పదిహేను కిలో ఎలక్ట్రాన్ వోల్టుల లోపు చూసేవే. కాబట్టి రెడ్ షిఫ్ట్ చేసే మేలు దూరపు జంటలకు అందుతుంది, దగ్గరి గెలాక్సీల్లో లోతుగా పూడుకున్నవాటికి మాత్రం నూస్టార్ తరహా కఠిన చూపు ఇంకా కావాలి, ఈసారి ఆర్క్ సెకన్ల పదునుతో.